డోమ్ టెంట్ మోయకుండా: టార్ప్, పిరమిడ్, హ్యామక్‌లలో మీకు సరిపడేది ఎంచుకుని సరిగ్గా కట్టుకోవడం ఎలా?

బెంగళూరు నుంచి వారాంతాల్లో కొడగు, చిక్కమగళూరు వైపో, ఇటు కోలారు, హార్స్‌లీ హిల్స్, నాగలాపురం వైపో బ్యాగు తగిలించుకుని వెళ్లే తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: రెండున్నర కిలోల డోమ్ టెంట్ బదులు అరకిలో టార్ప్‌తో (తాళ్లతో బిగించి కట్టే, నీళ్లు దిగని గుడ్డతో) రాత్రి గడపవచ్చా?

గడపవచ్చు. కానీ ప్యాకెట్ మీద రాసిన ఆ అరకిలో చూసి కొన్నవాళ్లలో చాలామంది మొదటి వానకే తడిసి, మళ్లీ డోమ్ టెంట్‌కు వెళ్లిపోతారు. తప్పు టార్ప్‌ది కాదు. మీరు పడుకునే చోట ఆ రాత్రి రాగల అతి చెడ్డ గంటను తట్టుకునే షెల్టర్ కొనాలి. అది ఒకచోట గాలివాన కావచ్చు, ఇంకోచోట దోమలు, మరోచోట పెగ్గు (తాళ్లు కట్టడానికి నేలలో దించే మేకు) దిగని నేల. కింది క్రమం ఆ లెక్కతోనే సాగుతుంది.

## 1. ఎక్కడ, ఏ నెలలో పడుకుంటారో ముందు రాసుకోండి

మనకు దగ్గరలో ఉన్నవి మూడు రకాల రాత్రులు.

దక్కను గుట్టలు (కోలారు, రామనగర, అనంతపురం, మదనపల్లె చుట్టుపక్కల): గట్టి మొరం నేల, బండ. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 12–15 డిగ్రీలకు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి ఉరుములతో గాలివాన వస్తుంది.

పశ్చిమ కనుమలు: జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగని వాన, జలగలు. వాన లేని నెలల్లోనూ తేమ, మంచు. ఎండాకాలంలో పిడుదులు.

తూర్పు వైపు (నాగలాపురం, తలకోన): వేడి, దోమలు. అసలు వాన అక్టోబరు–డిసెంబరులో, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది.

అనుమతి సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. అటవీ శాఖ అనుమతి లేకుండా అడవిలో రాత్రి ఉండకూడదు. చాలా ట్రెక్ దారుల్లో పగటి నడకకు మాత్రమే అనుమతిస్తారు. అందుకే మనలో ఎక్కువమంది పడుకునేది హోమ్‌స్టే పెరట్లోనో, కాఫీ తోటలోనో, రైతు పొలంలోనో. అక్కడ చెట్లు ఉన్నాయా, నేల ఎలా ఉంది అని యజమానిని ముందే ఫోన్‌లో అడగండి. షెల్టర్ ఎంపిక సగం ఆ ఫోన్‌లోనే తేలిపోతుంది.

రాసుకోవాల్సినవి:

- నెల, ఆ చోట రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత
- వాన వచ్చే వీలుందా, వస్తే గాలితో వస్తుందా
- నేల: మట్టి, మొరం, బండ, ఇసుక
- లావుపాటి చెట్లు ఒకదానికొకటి 4–5 మీటర్ల దూరంలో ఉన్నాయా
- దోమలు, జలగలు, పిడుదులు
- ఎంతమంది, వాళ్లలో అందరికన్నా పొడవైనవాళ్ల ఎత్తు
- ట్రెకింగ్ పోల్స్ (నడక కర్రలు) ఎలాగూ తీసుకెళ్తారా, లేదా

## 2. అసలు బరువు లెక్క

ప్రకటనల్లో ఇచ్చేది గుడ్డ బరువు. మీరు మోసేది మొత్తం బరువు. 3×3 మీ. సిల్‌పాలీ (సిలికాన్ పూసిన పాలిస్టర్) టార్ప్‌తో ఒక మనిషికి లెక్క ఇలా ఉంటుంది:

- టార్ప్: 450 గ్రా.
- తాళ్లు: 60 గ్రా.
- పెగ్గులు 8, ఒక్కొక్కటి 12 గ్రా.: దాదాపు 100 గ్రా.
- టైవెక్ (నీళ్లు దిగని తేలికపాటి షీటు) గ్రౌండ్‌షీట్, 1×2.1 మీ.: 130 గ్రా.
- వేలాడదీసే దోమతెర: 250 గ్రా.
- చిన్న సంచి: 15 గ్రా.

మొత్తం ఒక కిలో. అరకిలో కాస్తా కిలో అయింది. ట్రెకింగ్ పోల్స్ మామూలుగా వాడనివాళ్లు ఈ టార్ప్ కోసమే కొంటే జతకు ఇంకో 450 గ్రా. దాకా కలపాలి. అయినా డోమ్ టెంట్‌తో పోలిస్తే కిలో మిగులుతుంది, అది నిజమైన లాభమే.

హ్యామక్ (రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఉయ్యాల) విషయంలో ఈ లెక్క ఇంకా ముఖ్యం. హ్యామక్ 350, పట్టీలు 200, పైన టార్ప్ 350, తాళ్లు పెగ్గులు 100, దోమతెర 200, చలి ఆపడానికి కింద కట్టే బొంత, అంటే అండర్‌క్విల్ట్ 450 గ్రా. కలిపితే 1,650 గ్రా. అవుతుంది. నేల మీద పరుచుకునే మ్యాట్ అక్కర్లేదు కాబట్టి అందులోంచి 350–400 తీసేయవచ్చు. హ్యామక్‌ను సుఖం కోసం ఎంచుకోండి, బరువు తగ్గుతుందని మాత్రం కాదు.

## 3. ఏ డిజైన్ ఎక్కడ పనికొస్తుంది

### 3.1 ఫ్లాట్ టార్ప్

నాలుగు మూలల మామూలు గుడ్డ. ఒక్కటే కొనగలిగితే మా సలహా ఇదే: 3×3 మీ., అంచుల్లో కనీసం 12 చోట్ల తాడు కట్టుకునే చెవులు ఉన్నది. చెట్లకు కట్టవచ్చు, పోల్స్‌తో నిలబెట్టవచ్చు, హ్యామక్ మీద కప్పవచ్చు, వానలో వంటకు పందిరిగా వేసుకోవచ్చు.

2.4×3 మీ. దొరికినా ఒక మనిషికి సరిపోతుంది, కానీ తేడా తెలుసుకుని కొనండి. కొప్పు (టార్ప్ నడిమి ఎత్తైన గీత) 90 సెం.మీ. ఎత్తులో పెట్టి రెండు అంచులూ నేలకు తాకిస్తే 3×3 టార్ప్ కింద వెడల్పు 2.4 మీ. వస్తుంది. 2.4×3 టార్ప్ కింద 1.6 మీ. మాత్రమే. ఆ 80 సెం.మీ.లోనే బ్యాగు, బూట్లు, తడి బట్టలు పెట్టుకునేది.

లోపం: కట్టడం నేర్చుకోవాలి. నేర్చుకోకుండా వానలోకి వెళితే ఇంతకన్నా అధ్వాన్నమైన షెల్టర్ లేదు.

### 3.2 పిరమిడ్

మధ్యలో ఒకే గుంజ, చుట్టూ వాలు. గాలి ఎటు నుంచి వచ్చినా జారిపోతుంది. చెట్లు లేని పచ్చిక గుట్టల మీద, హిమాలయాల్లో, దీనికి మించినది లేదు. కట్టడమూ సులువే.

దీని బలహీనత స్థలం. అడుగున 2.7×2.7 మీ., ఎత్తు 1.5 మీ. ఉన్న పిరమిడ్‌ను చూస్తే ఇద్దరికీ పుష్కలం అనిపిస్తుంది. కానీ గోడలు వాలుగా ఉంటాయి. నేల నుంచి 40 సెం.మీ. ఎత్తులో వెడల్పు దాదాపు 2 మీటర్లే. 5 అడుగుల 9 అంగుళాల మనిషి స్లీపింగ్ బ్యాగ్‌లో దూరితే తలా, పాదాలూ గోడకు తగలవు గానీ, పక్కన మిగిలేదీ పెద్దగా ఉండదు. కూర్చుంటే తల తగిలే 90 సెం.మీ. ఎత్తులో మిగిలేది 1.08 మీ. చదరమే, పైగా దాని మధ్యలో గుంజ.

ఆరడుగులు దాటినవాళ్లు ఇంతకన్నా పొడవైన అడుగు ఉన్నది, లేదా గుంజ పక్కకు జరిగిన డిజైన్ చూసుకోవాలి.

### 3.3 రెండు పోల్స్ టెంట్

ట్రెకింగ్ పోల్స్ మీద నిలబడే ఒంటి పొర టెంట్. నేల, దోమతెర కలిపి కుట్టి ఉంటాయి. పోల్స్ ఎలాగూ వాడేవాళ్లకు, రోజూ చోటు మారుతూ నడిచేవాళ్లకు మంచిది. దోమలు, పిడుదులు రెంటికీ మందు ఇదే.

ఒంటి పొర కాబట్టి లోపల చెమ్మ పడుతుంది. కనుమల తేమలో రోజూ పొద్దున గోడలు తుడవడానికి ఒక చిన్న గుడ్డ దగ్గర పెట్టుకోవాలి.

### 3.4 హ్యామక్, పైన టార్ప్

వాలు నేల, రాళ్లు, బురద, జలగలు ఉన్నచోట హాయి. కాఫీ తోటలు ఇందుకు అనువైనవి. గుట్టల మీద చెట్లు ఉండవు కాబట్టి అక్కడికి తీసుకెళ్లవద్దు.

### 3.5 పోంచో టార్ప్, బివీ

పోంచో పగలు రెయిన్‌కోటు, రాత్రి పైకప్పు. కాగితం మీద అద్భుతం. కానీ వానలో షెల్టర్ కట్టాలంటే ముందు ఒంటి మీద కోటు విప్పాలి. కట్టాక బయటికి వెళ్లాల్సి వస్తే కోటు ఉండదు. కనుమల్లో వానాకాలంలో దీన్ని నమ్ముకోవద్దు. పొడి నెలల్లో అత్యవసరానికి ఉంచుకోవచ్చు.

నీళ్లు ఆపే బివీ (స్లీపింగ్ బ్యాగ్ మీద తొడిగే సంచి) చలి, పొడి ప్రాంతాలకు చేసినది. లోపలి ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలి కన్నా బాగా పొడిగా ఉండాలి. మన తేమలో ఆ తేడా చాలా తక్కువ, అందుకే పొద్దునకు లోపలే తడిసిపోతారు. టార్ప్ కింద వాడే దోమతెర బివీ వేరు, అది బాగా పనికొస్తుంది.

### 3.6 పిడుదుల గురించి ప్రత్యేకంగా

శివమొగ్గ, ఉత్తర కన్నడ, చిక్కమగళూరు వైపు డిసెంబరు నుంచి మే దాకా వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. క్యాసనూర్ అటవీ వ్యాధి (అక్కడి కన్నడంలో మంగన కాయిలె) పిడుదు కాటుతో వస్తుంది. 1957లో శివమొగ్గ ప్రాంతంలో మొదట బయటపడింది, ఇప్పటికీ ఎండాకాలాల్లో మనుషులకు సోకుతూనే ఉంది.

ఆ నెలల్లో అక్కడ నేల లేని షెల్టర్ వద్దు. అంచులు పైకి లేచిన నేల, దానికి కలిపి కుట్టిన దోమతెర ఉండాలి. ఆకులు రాలిన నేల మీద ఊరికే కూర్చోవద్దు. రాత్రి పడుకునే ముందు చంకలు, మోకాళ్ల వెనుక, నడుము చుట్టూ వెతుక్కోండి.

## 4. గుడ్డ ఎంపిక

సిల్‌నైలాన్ (సిలికాన్ పూసిన నైలాన్): గట్టిది, చవక. తడిస్తే సాగుతుంది. బిగించి కట్టిన టార్ప్ అర్ధరాత్రికి వదులైపోవడానికి కారణం సాధారణంగా ఇదే.

సిల్‌పాలీ: తడిసినా పెద్దగా సాగదు. చింపితే నైలాన్ కన్నా కాస్త సులువుగా చిరుగుతుంది. మన వానలకు మేము దీన్నే ముందు పెడతాం.

డి.సి.ఎఫ్. (డైనీమా కాంపోజిట్): అన్నిటికన్నా తేలిక, నీళ్లు పీల్చదు, అసలు సాగదు. ధర చాలా ఎక్కువ. సాగదు కాబట్టి మూలలు సరిగ్గా లేకపోతే ముడతలు సర్దుకోవు. మొదటి షెల్టర్‌గా కొనవద్దు.

నీలి ప్లాస్టిక్ టార్పాలిన్: సాధనకు బాగుంటుంది. కొట్లో జి.ఎస్.ఎం. అడగండి. అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే లెక్క. 90 జి.ఎస్.ఎం. 3×3 అయితే 810 గ్రా. తూగుతుంది. దీని కన్నాలు బలంగా లాగితే ఊడిపోతాయి. అలా ఊడితే గులకరాయిని గుడ్డలో చుట్టి, దాని మెడకు తాడు బిగించి లాగండి. ఆ పట్టు కన్నం కన్నా గట్టిది.

కుట్లకు సీలింగ్ (నీళ్లు దిగకుండా పూత) చేసి ఉందా అని అడగడం మరవకండి. చేసి లేకపోతే:

1. గుడ్డకు సిలికాన్ పూతా, పి.యు. (పాలీయురేథేన్) పూతా అన్నది తెలుసుకోండి. సిలికాన్ గుడ్డకు సిలికాన్ సీలెంట్, పి.యు. పూతకు పి.యు. సీలెంట్. మార్చి పూస్తే అంటుకోదు, పొరలుగా ఊడొస్తుంది.
2. సిలికాన్ అయితే హార్డ్‌వేర్ కొట్లో దొరికే రంగులేని సిలికాన్ సీలెంట్‌ను మినరల్ టర్పెంటైన్‌లో పల్చటి తేనెలా అయ్యేదాకా కలపండి. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి.
3. టార్ప్‌ను బిగించి కట్టి, కుట్టు బయటి వైపు చిన్న బ్రష్‌తో పూయండి. చెవులు కుట్టిన చోట మరీ జాగ్రత్తగా.
4. 24 గంటలు ఆరనిచ్చి, మడతలు అతుక్కోకుండా టాల్కం పౌడర్ చల్లండి.

## 5. మేడ మీద సాధన

అపార్ట్‌మెంట్ మేడ మీద పెగ్గు దిగదు కదా అని చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. 20 లీటర్ల వాటర్ క్యాన్లు నింపి మూలల్లో పెట్టండి. ఒక్కొక్కటి 20 కిలోలు, తాళ్లు కట్టడానికి అది చాలు. పిట్టగోడకు ఆనించి కట్టవద్దు, గాలికి గుడ్డ గోడ మీద రాపిడై చిరుగుతుంది.

అడవిలో కావాల్సిన ముడులు ఎక్కువ లేవు:

- బౌలైన్: జారని ఉచ్చు. తాడు కొసను చెవికి కట్టడానికి.
- టాట్‌లైన్: తాడు మీద జరిపి బిగించుకునే ముడి. పక్కతాళ్లన్నిటికీ.
- ట్రక్కర్స్ హిచ్: కొప్పు తాడును గట్టిగా లాగి బిగించడానికి. లారీల మీద సరుకు కట్టేవాళ్లు వాడే పట్టు ఇదే.
- ప్రూసిక్: కొప్పు తాడు మీద టార్ప్‌ను అటూ ఇటూ జరపడానికి.

ఈ నాలుగూ చీకట్లో, టార్చ్ లేకుండా వేయగలిగితే సాధన పూర్తయినట్టు. ఆ తర్వాత ఒక వాన రోజు మేడ మీద కట్టి, కింద పాత పేపర్లు పరచండి. ఎక్కడ తడిసిందో అవే చూపిస్తాయి.

## 6. చోటు చూసుకోవడం

చీకటి పడడానికి గంట ముందే ఆగండి. ఈ క్రమంలో చూడండి:

1. పైన: ఎండు కొమ్మలు, కొబ్బరి, యూకలిప్టస్ కింద వద్దు. యూకలిప్టస్ గాలి పెద్దగా లేకపోయినా కొమ్మలు రాలుస్తుంది.
2. నేల: చుట్టూ ఉన్నదానికన్నా ఒక వేలెడు ఎత్తుగా ఉండాలి. పల్లంలో పరుచుకున్న ఎండుటాకులు, ఒకే వైపు వాలిన గడ్డి నీళ్లు పారే దారికి గుర్తులు. షెల్టర్ చుట్టూ కాలువ తవ్వవద్దు, చోటే మార్చండి.
3. నీరు: వాగు పక్కన చల్లగాలి దిగి చెమ్మ పెరుగుతుంది, దోమలూ ఎక్కువే. కొన్ని మీటర్లు పైకి వెళ్లినా తేడా తెలుస్తుంది. వాగు గర్భంలో ఎప్పుడూ వద్దు. పైన ఎక్కడో పడిన వానకు ఇక్కడ నీళ్లు వస్తాయి.
4. చెట్టు నీడ: తెరిపి ఆకాశం కింద గుడ్డ చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడి తడుస్తుంది. చెట్ల కింద ఆ చెమ్మ బాగా తగ్గుతుంది.
5. ఉరుములు: ఏప్రిల్, మే నెలల్లో గుట్ట కొసన గానీ, ఒంటరి చెట్టు కింద గానీ ఉండవద్దు, లోహపు పోల్ పట్టుకోవద్దు.

మొరం నేలకు పెగ్గులు వేరు. సన్నటి టైటానియం కొక్కెం పెగ్గులు వంగిపోతాయి. 15–18 సెం.మీ. వై-ఆకారపు అల్యూమినియం పెగ్గులు తీసుకోండి. వాటితోపాటు హార్డ్‌వేర్ కొట్లో దొరికే ఆరంగుళాల ఇనుప మేకులు రెండు. బరువే, అయినా గాలి వైపు రెండు మూలలకు అవి ఉంటే నిద్ర పడుతుంది. పెగ్గు తల షెల్టర్‌కు అవతలి వైపు కొద్దిగా వాలేలా దించాలి.

బండ మీదైతే తాడు కొసకు చిన్న కర్ర కట్టి, దాన్ని 10 కిలోలకు పైబడిన రాయి వెనుక ఆనించండి. తాడును రాయికి నేరుగా చుడితే రాపిడికి తెగుతుంది. ఇసుకలో పెగ్గులు నిలవవు. సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతిపెట్టండి.

## 7. ఫ్లాట్ టార్ప్ కట్టే క్రమం (ఏ-ఫ్రేమ్: రెండు వైపులా వాలిన పైకప్పు ఆకారం)

1. గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి. గాలి తిరగకపోతే కొప్పు ఆ దిక్కుకు అడ్డంగా రావాలి, అంటే గాలి వాలు గోడకు తగలాలి.
2. కొప్పు తాడును రెండు చెట్ల మధ్య, లేదా రెండు పోల్స్ మీదుగా కట్టండి. పోల్స్ అయితే ప్రతి పోల్ అవతల తాడును పోల్ ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో పెగ్గుకు బిగించాలి. దగ్గరగా పెడితే పోల్ లోపలికి పడుతుంది.
3. మామూలు రాత్రికి కొప్పు ఎత్తు 1.2 మీ. టార్ప్‌ను ప్రూసిక్ ముడులతో రెండు వైపులా లాగి, కొప్పు గీత ముడత లేకుండా చేయండి. ఇక్కడ ముడత మిగిలితే తర్వాత ఎంత బిగించినా పోదు.
4. గాలి వైపు రెండు మూలలు ముందు. ఆ తర్వాత ఎదుటి మూలలు, మూలలన్నీ కొప్పుతో సమాన కోణంలో లాగాలి.
5. అంచు నడిమి చెవులు చివర. చూరు నేలకు 15 సెం.మీ. ఎత్తులో ఉండాలి. అప్పుడు లోపల వెడల్పు దాదాపు 2.1 మీ. వస్తుంది, గాలీ ఆడుతుంది.
6. పక్కతాడుకు షాక్ కార్డ్ (సాగే రబ్బరు తాడు) ఉచ్చు ఒకటి చేర్చండి. తడిసి గుడ్డ సాగినప్పుడు వదులును అదే లాక్కుంటుంది.
7. అన్నీ అయ్యాక గ్రౌండ్‌షీట్ వేయండి. అది టార్ప్ నీడ దాటి బయటికి రాకూడదు. వస్తే చూరు నీళ్లను పట్టి మీ కిందికే తెస్తుంది.

వాన గాలితో వచ్చే రాత్రి: 45 డిగ్రీల వాలుగా పడే వాన, 1.2 మీ. ఎత్తున తెరిచి ఉన్న ముఖం నుంచి 1.2 మీ. లోపలికి చేరుతుంది. టార్ప్ పొడవు 3 మీ., మీ పడక 1.85 మీ. పడకను పూర్తిగా వెనక్కి జరిపినా ముందు మిగిలేది 1.15 మీ. తడుస్తారు. అందుకే గాలి తిరిగే వీలుంటే ఒక కొసను 50 సెం.మీ.కు దించి, ఆ కొసనే గాలి వైపు పెట్టండి. అప్పుడు వాన అర మీటరులో ఆగిపోతుంది. రెండో కొసను 90 సెం.మీ.కు తగ్గించి, చూరు నేలకు తాకించండి. కూర్చోవడం కష్టం, పొడిగా మాత్రం ఉంటారు.

గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది. కొప్పు తగ్గించడం ఒక్కటే దీనికి సరైన జవాబు. ఇంకో నాలుగు తాళ్లు కట్టడం దాని తర్వాతి సంగతి.

## 8. పిరమిడ్ నిలబెట్టడం

1. తలుపు జిప్పు మూసి ఉంచండి. తెరిచి కడితే ఆ గోడ వెడల్పై, తర్వాత జిప్పు పడదు.
2. నాలుగు మూలలను చదరంగా పెగ్గులతో దించండి. రెండు ఎదురెదురు మూలల దూరాలూ తాడుతో కొలిచి సమానం చేయండి. 2.7 మీ. చదరానికి ఐమూల 3.8 మీ. ఉండాలి.
3. మూలలను నేలకు అతికినట్టు బిగించవద్దు. పెగ్గుకూ గుడ్డకూ మధ్య 10–15 సెం.మీ. తాడు వదలండి. బిగిస్తే గుంజ పైకి లేవదు.
4. లోపలికి దూరి గుంజ నిలబెట్టండి. చాలా ట్రెకింగ్ పోల్స్ 130–135 సెం.మీ. దాకే వస్తాయి. 150 కావాలంటే రెండు పోల్స్‌ను కనీసం 30 సెం.మీ. ఒకదానిపై ఒకటి పెట్టి, పట్టీలతో రెండు చోట్ల బిగించండి. మెత్తటి నేలలో గుంజ అడుగున చదును రాయి పెట్టాలి.
5. గుంజను ఒక్కో సెంటీమీటరు పెంచుతూ గోడలు బిగించండి. ఆ తర్వాతే నడిమి చెవులు కట్టండి.
6. పైకొసన ఉన్న గాలి కిటికీ ఎప్పుడూ తెరిచి ఉంచండి, వానలో కూడా.

రాత్రి గుడ్డ వదులైతే బయటికి వెళ్లనక్కర్లేదు, గుంజను లోపలి నుంచి 2–3 సెం.మీ. పెంచితే చాలు. పిరమిడ్ మీద మాకున్న ఇష్టానికి పెద్ద కారణం ఇదే.

ఏ షెల్టర్‌లోనూ మూసి ఉంచి స్టవ్ వెలిగించవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

## 9. హ్యామక్ వేలాడదీయడం

చెట్టు కాండం కనీసం 20 సెం.మీ. లావు, బతికి ఉన్నది కావాలి. పట్టీ కనీసం 2.5 సెం.మీ. వెడల్పు ఉండాలి, సన్న తాడు బెరడును కోసేస్తుంది. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకిస్తారు. తీగ మీదుగా పట్టీ వేస్తే రైతు పంట పోతుంది. తీగ లేని చెట్టు ఏదో యజమానినే అడగండి.

1. పట్టీ నేలతో 30 డిగ్రీల కోణంలో ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు ఎల్ ఆకారంలో చాచితే మధ్య వచ్చే లంబకోణంలో మూడో వంతు అనుకోండి.
2. 3.3 మీ. హ్యామక్‌కు, చెట్లు 4 మీ. దూరంలో ఉంటే పట్టీ ఎత్తు సుమారు 1.7 మీ. 4.5 మీ. దూరమైతే దాదాపు 1.9 మీ.
3. హ్యామక్ రెండు కొసలనూ కలుపుతూ పైన కట్టే స్థిరమైన తాడు, హ్యామక్ పొడవులో 83 శాతం ఉండాలి. 3.3 మీ.కు 2.74 మీ. ఇది ఉంటే చెట్లు ఎలా ఉన్నా వంపు మారదు.
4. కూర్చుంటే హ్యామక్ అడుగుభాగం నేలకు 45 సెం.మీ. ఎత్తులో, కుర్చీ ఎత్తులో ఉండాలి.
5. నేరుగా కాకుండా ఐమూలగా పడుకోండి, వీపు చదునుగా వస్తుంది.

బిగుతుగా కడితే చదునుగా ఉంటుందని అనుకోవడం ఇక్కడ అందరూ చేసే తప్పు. 75 కిలోల మనిషికి 30 డిగ్రీల్లో ఒక్కో పట్టీ మీద 75 కిలోల లాగుడు పడుతుంది. 15 డిగ్రీల్లో 145, 10 డిగ్రీల్లో 216 కిలోలు. కుట్లు తెగేది అలాంటప్పుడే.

చలి రెండో సమస్య. స్లీపింగ్ బ్యాగ్ వీపు కింద నలిగి వెచ్చదనం పోతుంది, కింద గాలి ఆడుతుంది. 18–20 డిగ్రీల్లోనే వీపు చల్లబడుతుంది. అండర్‌క్విల్ట్ లేకపోతే ఫోమ్ మ్యాట్ లోపల వేసుకోండి. వానకు పట్టీల వెంట నీళ్లు రాకుండా, టార్ప్ లోపలి వైపు పట్టీకి చిన్న గుడ్డ పీలిక ముడివేయండి. నీరు దాని వెంట కిందికి కారిపోతుంది.

## 10. ఏది తప్పిందో, ఏం చేయాలో

- లోపల నీటి చుక్కలు, బయట వాన లేదు: కారడం కాదు, చెమ్మ. చూరు 10–15 సెం.మీ. ఎత్తండి, తడి బట్టలు బయటికి తీయండి.
- కుట్టు దగ్గర మాత్రమే చుక్కలు: సీలింగ్ పోయింది. అప్పటికి ఆ చోటు కింద గిన్నె పెట్టుకుని, ఇంటికొచ్చాక పూయండి.
- గుడ్డ రెపరెపలాడుతోంది: ఎదురు తాడు వదులైంది. చప్పుడు వచ్చే చోట కాదు, దానికి ఎదురు మూల బిగించండి.
- పోల్ జారి కుంగుతోంది: తాళం తిప్పి బిగించండి. ఆగకపోతే జారే చోట టేపు నాలుగు చుట్లు చుట్టండి.
- దోమతెర ముఖానికి తగులుతోంది: తల వైపు తాడును కొప్పుకు దగ్గరగా కట్టండి. తెర ఒంటికి తగిలితే దోమ తెరలోంచే కుడుతుంది.
- నేల కింద నీళ్లు చేరుతున్నాయి: గ్రౌండ్‌షీట్ అంచులు లోపలికి మడవండి. తగ్గకపోతే చీకటైనా చోటు మార్చాల్సిందే.

బూట్లు దోమతెర లోపలే పెట్టుకోండి. పొద్దున వేసుకునే ముందు తలకిందులు చేసి దులపండి, తేళ్లు దూరేది వాటిలోకే.

## 11. ఇంటికి వచ్చాక

తడి టార్ప్‌ను సంచిలో ఒక్క వారం వదిలేసినా బూజు పడుతుంది. పి.యు. పూత ఉన్నదైతే తేమకు పూత చెడి జిగటగా మారి, ఘాటు వాసన వస్తుంది. అలా అయ్యాక బాగుచేయడం కుదరదు.

- ఆ రోజే బాల్కనీలో, నీడలో పూర్తిగా ఆరవేయండి. ఎండలో వద్దు, నైలాన్, పాలిస్టర్ రెండూ ఎండకు బలహీనపడతాయి.
- మట్టిని మామూలు నీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడవండి. సర్ఫ్, వాషింగ్ మెషిన్ వద్దు.
- పెగ్గులు కడిగి, లెక్కపెట్టి, విడి సంచిలో పెట్టండి. మట్టి అంటిన పెగ్గులు టార్ప్‌తో కలిపి చుడితే చిన్న చిల్లులు పడతాయి.
- తాళ్లు విడివిడిగా చుట్టండి, ముడులన్నీ విప్పండి.
- కుట్లు, చెవులు ఒకసారి వెలుతురులో చూడండి. చిరుగు వేలి గోరంత ఉన్నప్పుడే అతకండి: సిలికాన్ గుడ్డకు అదే గుడ్డ ముక్క, సిలికాన్ సీలెంట్, డి.సి.ఎఫ్.కు దాని టేపు.
- వదులు సంచిలో, గాలి ఆడే అల్మరాలో పెట్టండి. ట్రెక్‌లో వాడే బిగుతు సంచిలో నెలల తరబడి ఉంచవద్దు.